సమాధుల తోటకు రెండు పేర్లు

తల్లి గిడ్డమ్మ పోయిన పొద్దున రెజీనా ఏడవలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చింది గానీ, సరిగ్గా అప్పుడే ఏసుకుమార్ ఇస్త్రీ చొక్కాతో వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు విడిచాడు, చేతులు కట్టుకున్నాడు, శవం ముందు తల వంచుకుని కాసేపు నిలబడ్డాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత రెజీనాను పక్కకు పిలిచి నోరు తెరిచాడు.

"అక్కా, చిన్నమ్మను యాడ పెట్టాలనుకుంటాండారు?"

"యాడ పెడతార్రా? మా నాయన పక్కన."

"అదే, దాని గురించే మాట్లాడాల."

ఏడుపు వెనక్కి పోయింది. దాని చోట్లోకి కోపం వచ్చి కూర్చుంది.

రెజీనాకు కోపం కొత్తేమీ కాదు. కోడుమూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్న మనిషి. బజ్జీ కారంగా ఉందని ఒకడు, చప్పగా ఉందని ఒకడు పేచీకి వస్తే ఇద్దరికీ ఒకే జల్లిగరిటె చూపించి పంపించే రకం. అయితే ఆ కోపం నూనె బాణలి దించగానే దిగిపోయేది. ఇప్పుడు ఎదురుగా నిలబడింది బస్టాండు మనిషి కాదు, సొంత పెదనాన్న కొడుకు. వీడి తల్లి విశ్వాసమ్మా, తండ్రీ ఏటేటా సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతే, నెలల తరబడి వీణ్ణి చంకనేసుకుని తిరిగింది గిడ్డమ్మ. రెజీనా చేతిలోని జొన్నరొట్టెను సగానికి తుంచి, ఆ సగం వీడి చేతిలో పెట్టింది. ఆ రొట్టె తిని పెరిగినవాడు కర్నూలులో ఇంగ్లీషు మాస్టరయ్యాడు, పోయినేడు ఊరి చర్చి కమిటీకి సెక్రెటరీ కూడా అయ్యాడు.

"చెప్పు. ఏం మాట్లాడాల?" అంది రెజీనా.

"కోపం చేసుకోవద్దక్కా. కంచె లోపలుండేది గ్రేవ్‌యార్డు. కంచె బయటుండేది సిమెట్రీ. రెండూ ఒకటి గాదు."

"మొన్న దాకా ఒకటే గదరా."

"మనకు తెలీక ఒకటే అనుకున్న్యాము. గ్రేవ్‌యార్డంటే చర్చిని ఆనుకొని, చర్చికి సొంతంగా ఉండేది. అండ్లో బాప్తిస్మం తీసుకున్న సభ్యులనే పెట్టాల. సిమెట్రీకి చర్చితో పని ల్యా. ఆడ ఎవురినైనా పెట్టొచ్చు."

రెజీనా వాడి ముఖంలోకి చూసింది. వాడు పాఠం చెప్పేటప్పుడు కనుబొమలు ఎలా ఎత్తుతాడో అలాగే ఎత్తి ఉన్నాడు. అవతల తల్లి శవానికి ఇంకా నీళ్ళు పోయలేదు.

"మా యమ్మ నీకు 'ఎవురైనా' అయ్యిందారా?" అంది.

వాడి కనుబొమలు దిగాయి. పాఠంలో ఆ ప్రశ్న లేదు మరి.

ఆ ఊళ్ళో చర్చి పక్క నుంచి వంక దాకా దిగే నేలనంతా అందరూ సమాధుల తోట అనేవాళ్ళు. తోట అంటే అక్కడేదో పచ్చగా ఉంటుందని కాదు. నాలుగు తుమ్మచెట్లు, బోలెడన్ని గుండ్రాళ్ళు, వాటి మధ్య సున్నం కొట్టిన సమాధులు. చర్చి వైపు పైభాగం నిండుతూ వచ్చింది, వంక వైపు కిందిభాగం ఇంకా చాలా ఖాళీగా ఉండేది. పోయిన ఎండాకాలం ఏసుకుమార్ చందాలు కూడగట్టి పైభాగం చుట్టూ కంచె వేయించాడు. ఆ ప్రాంతంలో చేలకు వేసినట్టే, నాపరాతి బండలను నిలువునా పక్కపక్కన నాటించాడు. గేటు పెట్టించాడు, గేటు మీద ఇంగ్లీషు బోర్డు పెట్టించాడు. ఒక్క అడుగు నేల కూడా వదులుకోకూడదని, చివరి వరుసలోని ఏసన్న సమాధికి కుడిపక్కన జానెడు దూరంలోనే బండ దింపించాడు. సమాధి పక్క మన్ను మెత్తగా ఉంటుంది, అక్కడ బండ నిలవదని తాపీమేస్త్రి చెప్పినా వినలేదు.

ఏసన్న రెజీనా తండ్రి. ఆయన ఎడమపక్కన, లోపలి వైపు, ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. మొగుడు ముందు పోతే ఎడమపక్క తావు పెళ్ళానికి వదలడం ఆ ఊరి పద్ధతి. ఆ తావులో గిడ్డమ్మ ఎన్నోసార్లు కూర్చుంది, వక్కాకు నమిలింది, ఒక్కోసారి కొంగు పరుచుకుని కునుకు కూడా తీసింది. "నన్ను మీ నాయన పక్కన పెట్టు పాపా. దూరంగా పెడితే ఆయప్పకు నిద్ర పట్టదు," అనేది. జబ్బు పడ్డాక ఆ మాట మరీ ఎక్కువైంది. రెజీనా ప్రతిసారీ తల్లి చేతిమీద చెయ్యేసి సరేనంది. ఇప్పుడు తీర్చాల్సిన మాట అదొక్కటే.

గిడ్డమ్మ బాప్తిస్మం తీసుకోని మాట నిజమే. ఏసన్నవాళ్ళది, ఆమెవాళ్ళది ఒకే కులం, దేవుళ్ళే వేరు. ఆ ఊళ్ళలో అదేమీ వింత కాదు. ఆమె తర్వాత తల్లికి పిల్లలు నిలవకపోతే మద్దిలేటి స్వామికి మొక్కుకున్నారు, తమ్ముడు పుట్టాడు. ఆ తమ్ముడి కోసం అక్క శనివారం ఒక్కపొద్దు ఉండాలన్నది మొక్కు. వచ్చిన ప్రతి పాస్టరూ బాప్తిస్మం తీసుకోమని అడిగాడు, ప్రతి పాస్టరుకూ ఆమె ఒకే జవాబు చెప్పింది. "నేను మొక్కు ఇడిస్తే, నా తమ్మునికి ఏమన్నా అయితే నువ్వొచ్చి నిలబడతావా అయ్యా?" ఏ పాస్టరూ నిలబడతానని చెప్పలేదు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉండేది, అదే శనివారం సాయంత్రం ఆదివారం ఆరాధనకని చర్చి ఊడ్చేది. ఆమెకు అందులో తిరకాసేమీ కనిపించలేదు, కంచె వేసేదాకా ఊరికీ కనిపించలేదు.

ఇంకొకటి కూడా ఉంది. రెజీనా కడుపు మండింది అందుకే.

ఏసుకుమార్ ఫోన్లో వీడియోలు చేస్తాడు. ఒక నిమిషంలో రెండు ఇంగ్లీషు మాటల మధ్య తేడా చెప్తాడు. ఒకేలా కనిపించే మాటలు, ఒకటి కాని మాటలు. ఎక్కడెక్కడి పిల్లలో చూస్తారు. రెజీనా కూడా బండి దగ్గర తీరిక దొరికినప్పుడు చూసేది, అర్థమైనా కాకపోయినా "మా తమ్ముడు" అని పక్క పండ్ల బండామెకు చూపించేది. ఈ ఈస్టరుకు వాడు ఆ కంచె ముందే నిలబడి ఈ రెండు మాటల మీదా ఒక వీడియో చేశాడు. వాడి వెనకాల, బండల సందులోంచి, గిడ్డమ్మ కనబడుతుంది. ఈస్టరుకు ముందు సమాధులన్నిటికీ సున్నం కొట్టడం ఆమె పని. ఎవరూ చెప్పలేదు, ఆమే పెట్టుకుంది. వాడు లోపల ఎవరిని పెట్టాలో, బయట ఎవరిని పెట్టాలో చెప్తూ ఉంటే, ఆమె లోపల వంగి వాడి తండ్రి సమాధికి సున్నం పూస్తూ ఉంటుంది. నడుమ ఒకసారి నడుం ఎత్తి, "ఎండలో నిలబడి ఎవురితో మాట్లాడతాండావు నాయనా?" అంటుంది. వాడు నవ్వుతాడు. చూసినవాళ్ళందరూ నవ్వారు. రెజీనా కూడా నవ్వింది.

సున్నం కొట్టడానికి ఆమె లోపలి మనిషి, పండుకోవడానికి బయటి మనిషి. రెజీనాకు తన నవ్వు మీద కూడా కోపం వచ్చింది.

ఎండ ముదిరేసరికి గిడ్డమ్మ తమ్ముడు మద్దిలేటి తన ఊరి నుంచి మనుషులతో, పలుగులూ పారలతో ఆటోలో దిగాడు. అక్కడ సొంత ఇంటివాళ్ళు గుంత తవ్వరు, వియ్యపు వైపువాళ్ళు వచ్చి తవ్వుతారు. చర్చివాళ్ళ సమాధులు చాలావరకు తవ్వింది ఒక్కపొద్దుల ఇళ్ళవాళ్ళే. ఏసన్నకు తవ్వింది మద్దిలేటే, ఏసుకుమార్ తండ్రికి తవ్విన వాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. సంగతి వినగానే ఆయన పారను నేలకు కొట్టాడు.

"లోపల గుంతలు తవ్వేటప్పుడు మా కాళ్ళు పనికొచ్చినాయి. మా యక్క ఒళ్ళు పనికిరాదంటనా? ఈడొద్దు పాపా. మా ఊరికి తీసకపోతాం. మా యమ్మా నాయన పక్కన పెట్టుకుంటాం. మాకేం అడ్డం ల్యా."

"ఆమెకు మీ యమ్మా నాయన పక్కన వద్దు మామా. మా నాయన పక్కన కావాల. ఆమె అడిగింది ఇది ఒక్కటే. నేను చర్చి కాడికి పోయొస్తా. మీరు గూడా రాండి."

చర్చి వరండాలో పాస్టరయ్య కూర్చుని ఉన్నాడు. నెమ్మది మనిషి, ఎవరి మాటా కాదనలేడు, అందుకని ఎవరికీ పనికిరాడు. పక్కన ఇద్దరు సంఘపెద్దలు, ఒక కొసన ఏసుకుమార్. రెజీనా కొంగు బిగించి మెట్ల కింద నిలబడింది. రమ్మన్నా పైకి ఎక్కలేదు.

"మా యమ్మ ఊడ్చిన వరండాలో కూర్చోని, మా యమ్మకు తావు ల్యాదని మీరు నలుగురూ ఒకసారి చెప్పండి. విని పోతా."

పెద్దలు ఏసుకుమార్ వైపు చూశారు. ఏసుకుమార్ గొంతు సవరించుకున్నాడు.

"ల్యాదని ఎవురంటాండారు అక్కా? సిమెట్రీలో శానా తావుండాది. ఒకరికి వదిలితే రేపు అందరూ అడుగుతారు. అప్పుడు గ్రేవ్‌యార్డు అనేదానికి అర్థం ఉండదు."

"అర్థం ఉండకపోతే ఏమైతాదిరా? ఎవురన్నా చచ్చిపోతారా?"

మద్దిలేటి వెంట వచ్చిన మనుషుల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఏసుకుమార్ ముఖం కందింది. "నేను కనిపెట్టినానా ఆ మాటలు? ప్రపంచమంతా ఉండేదే. తేడా తెలీకుండా బతికినాం, తెలిసినంక గూడా అట్లే బతుకుదామంటే ఎట్లా?" అన్నాడు.

"నువ్వు చదువుకొని తెచ్చిన తేడా మీ చిన్నమ్మ మీదనే దించల్లా?" అంది రెజీనా. "నీకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకోని తడిగుడ్డ వేసింది గదా, అప్పుడు నువ్వు ఆమె కడుపున పుట్టినోడివి గాదని ఆమెకు తేడా తెలీకనా?"

పాస్టరయ్య లేచి మెట్లు దిగి వచ్చాడు. గొంతు తగ్గించి, జాలిగా అడిగాడు.

"అమ్మా రెజీనా, ఆఖరి గడియలో మీ యమ్మ యేసయ్యా అని గానీ, బాప్తిస్మం కావాలని గానీ ఏమన్నా అనిందా? అనింటే చెప్పు. అంతే చాలు. నేను కమిటీకి చెప్పుకుంటా. లోపల పెట్టుకుందాం."

ఏసుకుమార్ కూడా తల ఎత్తాడు. వాడి కళ్ళలో ఆశ ఉంది. ఆ సంగతి రెజీనాకు కనబడింది. వీడికి కూడా చిన్నమ్మను లోపల పెట్టాలనే ఉంది, కాకపోతే వీడి మాటల అర్థం చెడకుండా పెట్టాలి. తను అవునంటే చాలు. ఒక్క ముక్క. ఎవరూ సాక్షి అడగరు. సాయంత్రానికి అమ్మ నాన్న ఎడమపక్కన ఉంటుంది, ఇచ్చిన మాట తీరిపోతుంది.

నోటి దాకా వచ్చింది కూడా. పక్కన మద్దిలేటి తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు. నిండుగా బతికి, నెరిసిన మీసాలతో నిలబడి ఉన్నాడు. ఈ మనిషి కోసమే గదా అమ్మ జీవితమంతా శనివారాలు పస్తు ఉంది. ఇప్పుడు ఆ శనివారాలన్నీ ఉత్తివేనని, చివరికి వదిలేసిందని ఈయన ఎదురుగా చెప్పాలి.

"అనలేదయ్యా," అంది రెజీనా. "నన్ను మీ నాయన పక్కన పెట్టమనింది, అంతే. బతికినన్నాళ్ళు ఆమె చెప్పని అబద్ధం నేను చెప్పను. అబద్ధం చెప్తే లోపలికి, నిజం చెప్తే బయటికా? ఇదేం తోటయ్యా?"

పాస్టరయ్య తల దించుకున్నాడు. రెజీనా అందరినీ వదిలేసి కంచె వైపు నడిచింది. గేటులోంచి లోపలికి పోయి తండ్రి సమాధి దగ్గర నిలబడింది. ఎడమపక్క ఖాళీ తావు చూసింది. తర్వాత కుడిపక్క జానెడు దూరంలోని బండ చూసింది. చెయ్యేసి నెట్టింది. అది ఊగింది. కదులుతున్న పన్నును నాలుకతో తోసి చూసినట్టు మళ్ళీ ఒకసారి నెట్టి చూసింది.

బయటికి వచ్చి చెప్పింది. "సరే. బయటే పెడతాం."

ఏసుకుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. "అర్థం చేసుకున్న్యావు, అదే చాలక్కా," అన్నాడు. రెజీనా మద్దిలేటి వైపు తిరిగింది.

"యాడ తవ్వాల పాపా?" అన్నాడు మద్దిలేటి. ఆయన గొంతులో ఓడిపోయిన కోపం ఉంది.

"కంచెకు ఆనుకొని. మా నాయనకు సరిగ్గా అటుపక్క. తల ఆయన తల పక్కకు రావాల."

ఆడవాళ్ళు గుసగుసలాడారు. పెళ్ళాన్ని కుడిపక్కన పెట్టడం ఎక్కడా లేదని ఒకామె పైకే అంది. "బండకు అటుపక్క పెట్టేది యాడన్నా ఉండాదా? అది ఉంటే ఇది గూడా ఉంటాది," అంది రెజీనా.

నేల గట్టిది. పలుగు దిగడానికి మొరాయించింది. పొద్దు వాలుతుండగా గుంత తయారైంది. పెట్టె దించేటప్పుడు పాస్టరయ్య కంచె లోపల నిలబడి, బండల మీదుగా చేతులు చాపి, బయటున్న పెట్టెకు ప్రార్థన చేశాడు. కమిటీ అంతవరకే ఒప్పుకుంది. ప్రార్థన బాగానే చేశాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. రెజీనాకు ఆ కన్నీళ్ళ మీద కూడా కోపమే వచ్చింది. గోడవతలి నుంచి కూరగాయలు అందించినట్టు ప్రార్థన అందించడమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మన్ను పూడ్చారు. జనం కదలబోయారు. అప్పుడు రెజీనా చీర కుచ్చిళ్ళు దోపుకుని, మద్దిలేటి చేతిలోని పలుగు తీసుకుంది. సొంత కూతురు పలుగు పట్టకూడదు. పట్టింది. తల్లికీ తండ్రికీ నడుమ నిలబడ్డ బండ మొదట్లో పొడిచింది.

"అక్కా, ఏం చేస్తాండావు?" ఏసుకుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"గుంత తవ్వడం అయిపోయింది గదా. ఇప్పుడు బండ కప్పల్లా. సమాధి మీద బండ వేసుకోకూడదని ఇంగ్లీషులో ఉండాదా?"

"అది చర్చి బండ."

"అందుకే. మా యమ్మకు చర్చి ఏం ఇచ్చిందని అడిగితే చెప్పుకోను ఒకటన్నా ఉండల్ల గదా."

మెత్తటి మన్ను ఇట్టే వదిలింది. మద్దిలేటికి అప్పటికి అర్థమైంది. ఆయన వచ్చి బండకు భుజం ఇచ్చాడు, వెంట ఇద్దరు మనుషులు వచ్చారు. బండను పైకి లాగారు, ఊడిన సందులోంచే అడ్డంగా పడుకోబెట్టారు. సగం ఏసన్న మీదకు పోయింది, సగం గిడ్డమ్మ మీదకు వచ్చింది. ఇద్దరి రొమ్ముల మీదా కలిపి ఒకే దుప్పటి కప్పినట్టు సరిపోయింది. ఒక చివర గ్రేవ్‌యార్డులో ఉంది, ఒక చివర సిమెట్రీలో ఉంది.

ఏసుకుమార్ అటొకసారి, ఇటొకసారి చూశాడు.

"కంచెలో సందు పడిందక్కా," అన్నాడు చివరికి. "కమిటీ ఊరుకోదు. రేపు ఇంకో బండ నాటియ్యాల."

"నాటుకో. నేను అడ్డం రాను." రెజీనా పలుగు వాడి చేతికిచ్చింది. "నాటాలంటే మాత్రం గుంత తీయాల. యాడ తీస్తావో ఇప్పుడే చూపియ్యి. మా నాయన పక్కటెముకల్లోనా, మా యమ్మ పక్కటెముకల్లోనా?"

వాడు పలుగు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు విశ్వాసమ్మ కదిలింది. పొద్దుటి నుంచీ తోడికోడలి శవం పక్కన కూర్చుని, కొడుకును ఒక్క మాట అనలేక కుమిలిపోయిన ముసలామె. గేటు దాకా పోకుండా, ఆ సందులోంచే, బండ పక్కన అడుగేసుకుంటూ లోపలి నుంచి బయటికి వచ్చింది. గిడ్డమ్మ సమాధికి అవతలి పక్కన చతికిలబడి, అరచేత్తో నేలను చదును చేసింది.

"కుమారూ, ఇట్రా," అంది. "ఈ తావు చూసి పెట్టుకో. నన్ను ఈడ పెట్టు."

"నాయన పక్కన గదమ్మా నీ తావు. లోపల."

"మీ నాయనకు నేను చెప్పుకుంటాలే. ఆయప్పకు అర్థమైతాది. నేను సుగ్గికి పోతే నా బిడ్డను చూసుకున్న్యామె ఈడుంటే, నాకు లోపలేం పని? ఆ తావు నీ సభ్యులకు ఇచ్చుకో."

ఏసుకుమార్ చేతిలోంచి పలుగు జారి బండ మీద పడింది. ఆ చప్పుడుకు రెజీనా ఉలిక్కిపడింది, తల్లి మీద పలుగు పడిందన్నట్టు వంగి ఆ చోటును చేత్తో తడిమింది. తడుముతూనే అక్కడే కూలబడి ఏడ్చింది. పొద్దుటి నుంచీ ఆగినదంతా ఏడ్చింది. ఏసుకుమార్ పక్కన కూర్చోబోతే మాత్రం, ఏడుస్తూనే మోచేత్తో వాణ్ణి అవతలికి నెట్టింది.